సతిథి లక్షణం

‘అతిథి’ అనే సంస్కృత పదానికి పెద్దలు చెప్పే అర్థాలలో ప్రసిద్ధమైనది, తిథి నియమం లేకుండా వచ్చేవాడు అని. ఈ లెక్కన విమానాశ్రయం పక్క హోటల్‌లో ఒక రాత్రికి గది తీసుకునేవాడు అతిథి కాజాలడు. అతడు దిగే తేదీ, ఖాళీచేసే తేదీ, మంచం వెడల్పు, శాకాహార నియమం అన్నీ నెల ముందే కంప్యూటర్‌కు ఎక్కి ఉంటాయి గనుక అతనిని ‘సతిథి’, అనగా తిథితో కూడినవాడు, అనడం న్యాయం. ఈ మాట నిఘంటువులలో దొరకదు గానీ, దానికి తగిన మనిషి రామంతాపూర్, హబ్సిగూడ, తార్నాక ప్రాంతాలలో వీధికి ఇద్దరు చొప్పున దొరుకుతాడు.

అక్కడే ఎందుకంటే, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉప్పల్ రోడ్డు పొడవునా వరుసతీరిన రసాయన, జీవ, భూభౌతిక పరిశోధన సంస్థలు, తార్నాక పోషకాహార సంస్థ, రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం కలిసి ఆ చుట్టుపక్కల ఒక ప్రత్యేక వర్గాన్ని తయారుచేశాయి. కొలతలు, నివేదికలు, ప్రయాణభత్యం బిల్లుల మధ్య ముప్పై ఏళ్లు గడిపి, ఇల్లు కట్టుకొని, పిల్లలను అమెరికా పంపి, పదవీ విరమణ చేసిన ఆ వర్గానికి ఏటా ఒకసారి మనవల దగ్గరకు పోవలసిన పని పడుతుంది. సతిథి ఆ వర్గంలోనివాడు.

అతని ఆవిర్భావ కాలాన్ని కచ్చితంగా నిర్ణయించవచ్చు. విమానాశ్రయం బేగంపేటలో ఉన్నన్నాళ్లు రామంతాపూర్ మనిషి రాత్రి భోజనం ముగించి, కాసేపు నడుం వాల్చి, సాగనంపవచ్చిన బంధువులతో రెండు కార్లలో తీరిగ్గా బయలుదేరినా వేళకు చేరేవాడు. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలడంతో ఆ దూరం ముప్పై కిలోమీటర్లకు అటూఇటూ అయింది. అయితే గల్ఫ్, యూరప్ మీదుగా అమెరికాకు చేర్చే విమానాలలో చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యనే లేస్తాయి, ఆ వేళ ఉప్పల్, నాగోలు, ఎల్బీ నగర్ దారి దాదాపు నిర్మానుష్యంగా ఉంటుంది. ఈ సంగతి సతిథికి తెలుసు, కాని తెలియడం వేరు, నమ్మడం వేరు; అతని నమ్మకం సాయంత్రం ఆరు గంటల ఉప్పల్ చౌరస్తాలో, 2018లో పని మొదలై ఏళ్ల తరబడి స్తంభాలుగానే నిలిచిపోయిన నారపల్లి పైవంతెన నీడలో గట్టిపడింది. కాబట్టి అర్ధరాత్రి ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా ఉండేందుకు అతడు సాయంత్రం ట్రాఫిక్‌లో బయలుదేరుతాడు. దారిలో తగిలే ఆరాంఘర్ పేరుకు ఉర్దూలో విశ్రాంతి గృహమని అర్థం. ఆ రాత్రి అతనికి దక్కే విశ్రాంతిలో అధికభాగం, కారు అక్కడ కదలక నిలిచినప్పుడు పట్టిన కునుకేనని తర్వాత తేలుతుంది.

గది ఎంపిక డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు చేస్తాడు, తండ్రి సరిచూస్తాడు. రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి జీఎస్టీ 18 శాతం, దాటనిదానికి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమేనని కంఠతా వచ్చినవాడు గనుక, కొడుకు మెచ్చిన మంచి గదిని పన్ను సాకుతో కొట్టివేసి, విమానాశ్రయానికి పది నిమిషాల దూరమని ప్రకటించుకున్న మరొకదానిని ఖాయం చేస్తాడు. ఆ పది నిమిషాలు ఏ వాహనానికో ప్రకటనలో ఉండదు. విమానానికైతే నిజమే కావచ్చు.

హోటల్ పరిభాషలో ‘రోజు’ అంటే సాధారణంగా మధ్యాహ్నం రెండింటికి మొదలై మర్నాడు పన్నెండింటికి ముగిసే ఇరవై రెండు గంటల కాలం. రాత్రి ఎనిమిదింటికి చేరి ఒంటిగంటకు వెళ్లిపోయే సతిథి అందులో అయిదు గంటలే వాడుకుంటాడు. ఆరువేల గది గంటకు పన్నెండు వందలు పడుతున్నదన్న లెక్క లిఫ్టులోనే పూర్తవుతుంది, ఆ లెక్క పూర్తయిన మనిషికి నిద్ర పట్టదు; పడితే నష్టమని కూడా అతనికి తోస్తుంది. అందుచేత గదిలో ఉన్న సబ్బులు, షాంపూ పొట్లాలు, టీ కెటిల్ పక్కనున్న పాలపొడి, అన్నిటినీ జాబితా రాసినట్టు పరిశీలిస్తాడు. గోడలోని గాడిలో తలుపు కార్డు గుచ్చితేనే కరెంటు వచ్చే ఏర్పాటు ఒకటుంటుంది. గది దాటితే దీపాలార్పే అలవాటు జన్మతః వచ్చిన సతిథి, దుప్పటి అడగడానికి కిందికి పోతూ ఆ కార్డు పీకి జేబులో వేసుకోగా, స్నానాల గదిలో ఉన్న సహధర్మచారిణి చీకటిలో మిగిలిపోతుంది. పైకప్పుకు ఫ్యాన్ లేకపోవడం మరో లోటు. ఫ్యాన్ చప్పుడు లేనిదే నిద్రరాని తరం అది. ఏసీ చల్లదనం ఇస్తుంది గాని జోల పాడదు. బకెట్టు, మగ్గు సంగతి ఎత్తకపోవడమే మంచిది.

కుతుబ్‌షాహీల కాలంలో హయత్ బక్షీ బేగం పేరిట వెలసిన హయత్‌నగర్‌లో, మసీదు చుట్టూ బాటసారులకోసం కట్టిన సరాయి గదులు నేటికీ కనిపిస్తాయి. ఫ్యాను అక్కడా లేదు. అయితే అక్కడ దిగినవాడికి తెల్లవారేదాకా లేవవలసిన అవసరం లేదు. శంషాబాద్‌లో దిగినవాడు పడుకోకముందే లేవడానికి ఏర్పాట్లు చేసుకోవాలి. తన ఫోనులో ఒక అలారం, భార్య ఫోనులో ఒకటి, రిసెప్షన్‌కు ఒక విన్నపం, అమెరికాలో అప్పుడు పగలు గనుక కొడుక్కి ఒక వాట్సాప్ ఆజ్ఞ. ఈ నాలుగూ పనిచేస్తాయో లేదోనని అతడు మేలుకొని కనిపెట్టుకుంటాడు. మధ్యలో ఆవకాయ ఉన్న పెట్టె ఇరవై మూడు కిలోలు దాటిందేమోనన్న శంక పుట్టి, కొక్కెం త్రాసుతో మళ్లీ తూచి, రెండు వందల గ్రాములు ఎక్కువ తేలగా కందిపొడి పొట్లాన్ని రెండో పెట్టెలోకి మారుస్తాడు.

అప్పుడు బ్యాండు మొదలవుతుంది. శంషాబాద్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లకు కొదవలేదు, తెలుగువారి ముహూర్తాలకు అర్ధరాత్రి అభ్యంతరం కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు మోగించరాదని సతిథి రిసెప్షన్‌కు ఫోనుచేసి సంఖ్యతో సహా చెబుతాడు. సొంత కూతురి పెళ్లి బరాత్ ఏ వేళదాకా సాగిందో ఆ క్షణంలో గుర్తుకు రాదు. భార్య మాత్రం ఇంటినుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం తిని, చెవులమీదికి కొంగు లాక్కుని, గంటకు పన్నెండు వందల నిద్రను పూర్తిగా రాబట్టుకుంటుంది.

ఇన్నిటినీ సహించిన సతిథిని చివరకు పడగొట్టేది ఉదయపు ఫలహారం. గది అద్దెలోనే కలిసి ఉందని రసీదు చెబుతుంది, వడ్డన ఏడింటికి. ఒంటిగంటకు కారు ఎక్కేవాడికి అది ఎలా దక్కుతుందని అతడు వేసే ప్రశ్నకు బదులుగా ఒక అట్టపెట్టె వస్తుంది, అందులో నాలుగు బ్రెడ్డు ముక్కలు, జామ్ పొట్లం, ఒక అరటిపండు. మనుషులు ఇద్దరు, పండు ఒకటి! అమెరికా కస్టమ్స్‌వారు అరటిపండును లోపలికి రానివ్వరని తెలుసు గనుక, తెల్లవారుజామున మూడింటికి విమానద్వారం ముందు కూర్చొని, ఆకలి లేకపోయినా, దానిని అతడు హక్కుగా తింటాడు.

ఆరు నెలల తర్వాత తిరుగు విమానం తెల్లవారుజామున దిగినప్పుడు, కారు ఎక్కడా ఆగకుండా ముప్పావుగంటలో రామంతాపూర్ ఇంటిముందు నిలుస్తుంది. రోడ్డు ఎంత ఖాళీగా ఉందో అని అతడు డ్రైవరుతో మెచ్చుకోలుగా అంటాడు. ఆ వారంలోనే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు పొద్దుటి నడకలో ఈ వృత్తాంతమంతా బ్యాండుతో, అరటిపండుతో సహా పునఃప్రదర్శితమవుతుంది. అందరూ నవ్వుతారు. నవ్వు ఆగాక, వచ్చే నెలలో షికాగో పోవలసిన మిత్రుడొకరు పక్కకు జరిగి, ఆ హోటల్ ఫోను నంబరు ఉందా అని అడుగుతాడు. సతిథి జేబులోంచి కళ్లజోడు తీసి, నంబరు చదివి చెప్పి, ఫంక్షన్ హాలు వైపు కాకుండా రెండోవైపు గది అడగమని, రెండు పండ్లు ఇవ్వాలని ముందే రాయించుకోమని జాగ్రత్తలు చెబుతాడు.