గ్రహాల మాస్టారు

ప్రతి జిల్లా పరిషత్ హైస్కూల్లోనూ ఒక గ్రహాల మాస్టారు ఉంటారు. ఇప్పటికి లేకపోతే వచ్చే బదిలీల్లో వస్తారు. టైంటేబుల్లో ఆయన సబ్జెక్టు ఫిజికల్ సైన్స్ అనే రాసి ఉంటుంది గానీ, మనిషిని పట్టించేది చొక్కా జేబు: సుద్దముక్క, మిరియపు గింజ, జొన్నగింజ, వాడిపోయిన నిమ్మకాయ.

ఆయనకు బద్ధశత్రువు పాఠ్యపుస్తకంలో సౌరకుటుంబం బొమ్మ. సూర్యుడి పక్కన ఎనిమిది గ్రహాలూ పెళ్ళి ఫోటోలో చుట్టాల్లా భుజాలు రాసుకుంటూ నిలబడి ఉంటాయి. "ఒరేయ్, ఇంత దగ్గరుంటే మనం ఎప్పుడో ఆవిరైపోయేవాళ్ళం" అంటారు. థర్మోకోల్ ఉండలకు రంగులేసి తెచ్చిన పిల్లాడి గతి ఇంకా హీనం. ప్రాజెక్టు చేసింది వాళ్ళ నాన్నేనని ఇట్టే కనిపెట్టి, మార్కులు నాన్నకే వేస్తారు.

ఆయన లెక్క ఒకటే: పదివేల కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు. ఆ లెక్కన సూర్యుడు 139 సెంటీమీటర్లు; బడి గేటు పక్క గోడ మీద సుద్దతో గీస్తారు. బుధుడు మిరియపు గింజ. భూమి చిన్న రేగిపండు. దానికి 38 సెంటీమీటర్ల దూరంలో జొన్నగింజ, అదే చంద్రుడు. 14 సెంటీమీటర్ల గురుడికి పీచు తీసిన పెద్ద కొబ్బరికాయ కావాలి. శుక్రవారం పూజకని ఇంట్లో ఆవిడ దాచింది గురువారమే మాయమవుతుంది.

అసలు తంటా వేషాల దగ్గర. శని వేషం ఎవరికిచ్చినా మర్నాడు తల్లి ప్రత్యక్షం. "మావాడికి అసలే ఏల్నాటి శని నడుస్తోంది సార్, పైగా మీరొకరా!" మాస్టారు వెంటనే వాణ్ణి గురుణ్ణి చేస్తారు. గురుబలం వచ్చిందని ఆవిడ సంతోషం, కొబ్బరికాయ దొరికిందని వాడి సంతోషం. శుక్రుడి వేషానికి మాత్రం తెగ పోటీ. శుక్రుడు తన చుట్టూ తాను, అదీ ఎదురు దిక్కున, ఒక్కసారి తిరగడానికి 243 రోజులు పడుతుంది; సూర్యుణ్ణి చుట్టి రావడానికి 225 చాలు. దాదాపు కదలకుండా నిలబడ్డా తప్పుపట్టలేని వేషం కాబట్టి క్లాసులో బద్ధకస్తులంతా దానికే చెయ్యెత్తుతారు.

ఇక ఊరేగింపు. రేగిపండు 150 మీటర్ల దగ్గర ఆగుతుంది, అంటే ఆటస్థలం చివర. కొబ్బరికాయ 778 మీటర్లు నడిచి కిరాణా కొట్టు ముందు నిలబడితే, కొట్టాయన బేరమాడతాడు. శని కిలోమీటరున్నర దాకా పోయి చెరువుగట్టు ఎక్కుతాడు. వరుణుడు, అదే నెప్ట్యూన్, నాలుగున్నర కిలోమీటర్లు. ఆ కుర్రాడు నిమ్మకాయ జేబులో వేసుకుని సైకిలెక్కి పక్క ఊరు పోవాల్సిందే. ఈ కొలతలో వెలుతురు సెకనుకు 30 సెంటీమీటర్లే జరుగుతుంది కనుక, వాడు వెలుతురుకంటే ముందే చేరతాడు. ఐన్‌స్టీన్ ఒప్పుకోని పనిని తొమ్మిదో తరగతి కుర్రాడు డొక్కు సైకిల్ మీద చేసేస్తాడు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉన్న రోజైతే తిరుగు ప్రయాణం మరీ వేగం.

ఆ రోజే తనిఖీకి అధికారి వస్తారు. రాకేం! "టీఎల్ఎం ఏదండీ?" అని బోధనోపకరణాల గురించి అడిగితే మాస్టారు రోడ్డు వైపు చెయ్యి చూపిస్తారు. "పిల్లలేరీ?" అంటే మళ్ళీ అటే. హాజరు పట్టీలో ఉండి బెంచీల మీద లేని ఎనిమిదిమంది గురించి హెడ్మాస్టారు వివరణ రాసుకుంటారు.

పాత విద్యార్థులు కనిపిస్తే మాత్రం ఆయనకు కొంచెం ఇబ్బంది. "తొమ్మిది గ్రహాలని చెప్పారు కదండీ" అని నిలదీస్తారు. 2006లో ప్రాగ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో కలిపేశారు. మన పుస్తకాల్లో దాని పేరు యముడు. "గ్రహాల్లోంచే తీశార్రా, డ్యూటీలోంచి కాదు" అంటారు మాస్టారు.

ఎవరేమన్నా, 150 మీటర్లు నడిచి వెనక్కి చూసి, గోడ మీది సూర్యుడు ఆకాశంలో సూర్యుడంతే కనబడటం చూసిన పిల్లలకు ఆ పాఠం మళ్ళీ బట్టీ పట్టాల్సిన పనుండదు. ఈ మాట నా పూచీ.

ప్రస్తుతం ఆయన కన్ను సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ మీద పడింది. అదే లెక్కన దాని దూరం సుమారు నలభై వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతా అంతే. గేటులోంచి బయల్దేరిన కుర్రాడు తిన్నగా పోతే, భూగోళమంతా చుట్టి మళ్ళీ అదే గేటు దగ్గర తేలాలి. హెడ్మాస్టారు ఇంకా సంతకం పెట్టలేదు.