వీధి గుమ్మం, పెరటి గుమ్మం

మూలం: వీధి గుమ్మమున హార్మోను తట్టగా పెరటి గుమ్మమున నీటికి దారి కలుగును.

ప్రతిపదార్థం: వీధి గుమ్మమున = కిడ్నీ సేకరణ నాళపు కణానికి రక్తం వైపున్న పొర మీద; హార్మోను = హైపోథాలమస్‌లో తయారై పిట్యూటరీ వెనక భాగం నుంచి రక్తంలోకి దిగే వాసోప్రెసిన్; తట్టగా = వి2 గ్రాహకానికి తగులుకోగా; పెరటి గుమ్మమున = మూత్రం పారే వైపున; నీటికి దారి = ఆక్వాపోరిన్-2; కలుగును = కలుగును. (టీకాకారుడి ఓపిక ఇక్కడికి సరి.)

తాత్పర్యం: కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి. బయటికి పోయేది మామూలుగా లీటరున్నర, రెండు లీటర్లు. ఆఖరి వాటా తేల్చేది ఈ కణాలే. హార్మోను తగలగానే లోపల సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, ఆక్వాపోరిన్-2లో 256వ స్థానపు సెరీన్‌కు ఫాస్ఫేట్ అతుక్కుంటుంది, దాన్ని మోస్తున్న బుడగలు వెళ్ళి మూత్రం వైపు పొరలో కలిసిపోతాయి. అలా లోపలికొచ్చిన నీరు ఆక్వాపోరిన్-3, 4 గుండా రక్తం వైపు వెళ్ళిపోతుంది.

శంక: ఏ గుమ్మానికి పోవాలో గ్రాహకానికెవరు చెప్పారు?

సమాధానం: చిరునామా చాలావరకు దాని ఒంట్లోనే ఉంటుంది. అయితే అందరిదీ ఒకే పద్ధతి కాదు. 1958లో మాడిన్, డార్బీ ఒక కాకర్ స్పానియల్ కుక్క కిడ్నీ నుంచి పెంచిన ఎండీసీకే కణాలే ఇందుకు సాక్షి. వాటిలో ఆల్ఫా-2ఎ అడ్రినర్జిక్ గ్రాహకం తిన్నగా రక్తం వైపే చేరుతుంది. దాని తోబుట్టువు ఆల్ఫా-2బి రెండు వైపులా దిగుతుంది గానీ, మూత్రం వైపు దిగింది నిమిషాల్లో మాయమై, రక్తం వైపు దిగింది గంటల తరబడి నిలుస్తుంది. వెరసి ఇద్దరూ ఒకే గుమ్మంలో! అడినోసిన్ ఎ1 గ్రాహకం మాత్రం ఎక్కువగా మూత్రం వైపే కనిపిస్తుంది.

పాఠాంతరం: లేఖక దోషాలు జన్యువుల్లోనూ ఉన్నాయి. వి2 గ్రాహకం జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీదిది కనుక, అది చెడితే వచ్చే అతిమూత్ర వ్యాధి ఎక్కువగా మగపిల్లలకే. చెడిన గ్రాహకాల్లో చాలావాటికి గుమ్మం యోగమే లేదు, కణం లోపలే చిక్కుకుంటాయి.

ఆక్వాపోరిన్-2 దోషం ఇంకా చిత్రం. కొన్ని కుటుంబాల్లో దాని తోక చివర అక్షరాలు మారి, రక్తం వైపు పొమ్మనే చిరునామా అయింది. ఈ ప్రోటీన్లు నాలుగేసి కలిసి జట్టు కడతాయి. జట్టులో తప్పు తోకది చేరిందా, మంచివాటినీ వెంటబెట్టుకుని వీధి గుమ్మానికే పోతుంది.