మూతోపాఖ్యానం

ముందుగా ఇష్టదేవతా ప్రార్థన. 10-11, 12-13, 14-15 అనే జంట పేర్లతో వెలసి, రెండు కొసలా రెండు నోళ్లు తెరిచి, బిగుసుకుపోయిన బోల్టుల గర్వమణచే పానా దేవతలారా, మీకు వందనం. ఎక్కడ జారిపడినా గ్రీజు డబ్బాలోనే తేలే ఓ ప్లగ్ పానా, నీకు ప్రత్యేక వందనం.

తర్వాత, ఆచారం ప్రకారం, కుకవినింద. బండి ఆగిందనగానే ఏమీ అడగకుండా, ఏమీ చూడకుండా ‘ప్లగ్గు మార్చేద్దాం సార్’ అనేవారి ఊసు ఎలాగూ కథలో వస్తుంది కనుక ఇక్కడ తిట్టను.

విజయవాడలో బందరు కాలువ దగ్గర ఒక రేకుల షెడ్డు. ప్రబంధమన్నాక పద్ధెనిమిది వర్ణనలుండాలన్నారు పెద్దలు. ఆ షెడ్డులో వాటికి లోటు లేదు. సముద్రం కావాలా, బండ్లనుంచి దించిన నల్లటి ఇంజనాయిలు తొట్టి ఉంది. పర్వతం కావాలా, పాత టైర్ల గుట్ట ఉంది. పక్క కొట్లో వెల్డింగు మొదలైతే సూర్యోదయం. వాటర్ సర్వీసింగు జలక్రీడ. ఒక కంపెనీ ఇంజనుకు ఇంకో కంపెనీ కార్బురేటర్ తగిలిస్తే వివాహం, జాతకాలు చూడకుండా. ‘రేపు రండి’ అన్న మాట విని బండిని వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడిచివెళ్లే యజమానిది విప్రలంభం. మధుపానం మాత్రం రాత్రి ఏడు దాటాక గాని మొదలు కాదు కనుక అది ఈ కావ్యం పరిధిలోకి రాదు.

ఇక నాయకుడు. బోర్డు మీద పేరు ఏనాడో వెలిసిపోయింది. అందరూ మేస్త్రి అంటారు, మనకూ అంతే చాలు. ధీరోదాత్తుడు. గోళ్లసందుల్లోని నలుపు ఏ సబ్బుకూ లొంగని శాశ్వత తిలకం. ఆయన దివ్యాస్త్రం మూరెడు స్క్రూడ్రైవర్. దాని కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి అదిమి కళ్లు మూసుకుంటాడు. ఆ ఇనుప కడ్డీ గుండా లోపలి లోకాల రొద వినబడుతుంది: పైన టాపెట్ టిక్కుటిక్కు, పక్కన టైమింగ్ చైను గలగల, కింద బిగ్గెండు దడదడ. మనకది వట్టి చప్పుడు. ఆయనకు మూడు వేర్వేరు వాంగ్మూలాలు.

అట్టి వీరుడి ముంగిట ఒక శ్రావణమాసపు ఉదయం, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఒకాయన తన వంద సీసీ బండిని నెట్టుకుంటూ ప్రత్యక్షమయ్యాడు. మెడలో టై, చేతిలో బ్యాగు, ముఖాన చెమట.

“మేస్త్రీ, బండి వేడెక్కి చచ్చిపోతోంది. మంగళగిరి పోదామని బయల్దేరితే వారధి దిగీదిగకముందే ఆగిపోతుంది. కాసేపు పక్కన పెడితే మళ్లీ కిక్కుకు లేస్తుంది.”

ఇంతకు ముందు ఈ బండి మీదికి దండెత్తినవారు తక్కువవారు కారు. మొదటి సేనాని ప్లగ్గు మార్చాడు. రెండోవాడు కార్బురేటర్ విప్పి, జెట్లు ఊది, పెట్రోలుతో కడిగి కట్టాడు. మూడోవాడు సీడీఐ, ఇగ్నిషన్ కాయిల్ రెండూ కొత్తవి వేశాడు. నాలుగోవాడు చేతులు కట్టుకుని, “బోరుకొచ్చింది సార్, ఇంజను దించాల్సిందే” అని శపించాడు. ప్రతి షెడ్డు ముందూ ట్రయల్ వేస్తే బండి బుద్ధిగా తిరిగింది. వీధి చివరిదాకా వెళ్లి రావడమే ఆ ట్రయల్. మేఘనాదుడు మబ్బు చాటునుంచే కొడతాడు గాని ఎదుటపడడు కదా! వచ్చిపోయే రోగం కూడా అంతే, వైద్యుడి ముందు వినయం నటిస్తుంది.

మన మేస్త్రి పానా ముట్టలేదు. బీడీ ఆర్పి, ప్రశ్నలు సంధించాడు.

“ఆగేటప్పుడు స్విచ్చి తీసినట్టు ఠక్కున ఆగుతుందా సార్, దగ్గి దగ్గి ఆగుతుందా?”

“దగ్గుతుంది. రెండు మూడు జర్కులిచ్చి పోతుంది.”

ఈ ఒక్క జవాబుతో కరెంటు వర్గమంతా, అంటే కాయిలు, సీడీఐ, వైర్లు, సగం నిర్దోషులయ్యాయి. కరెంటు పోతే చావు మెరుపులా వస్తుంది. పెట్రోలు అందకపోతే ఇంజను కాసేపు గిలగిల్లాడి పోతుంది.

“ట్యాంకు నిండా కొట్టించిన రోజు ఎక్కువ ఆగుతుందా, అడుగంటిన రోజా?”

రిప్రజెంటేటివ్ నవ్వాడు. తర్వాత ఆలోచించాడు. తర్వాత నవ్వడం మానేశాడు. “నిండా కొట్టించిన రోజే ఎక్కువండీ. దానికీ దీనికీ ఏం సంబంధం?”

మేస్త్రి చెప్పలేదు. “నిండా కొట్టించుకు రండి, నేనూ వస్తా” అన్నాడు.

ప్రయాణ వర్ణన క్లుప్తంగా. వెనక సీటు మీద సంచీతో మేస్త్రి, ముందు టైతో యజమాని, బెంజ్ సర్కిల్ దాటి వారధి ఎక్కారు. కింద కృష్ణమ్మ ఎర్రగా నిండుగా ఉంది. వారధి దిగి తాడేపల్లి వైపు తిరగగానే బండి ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. రోడ్డు పక్కన ప్రాణం విడిచింది. యజమాని ముఖం మాడింది, మేస్త్రి ముఖం వికసించింది. శత్రువు మబ్బుల్లోంచి కిందికి దిగినప్పుడు ఏ వీరుడు విచారిస్తాడు?

ఇక యుద్ధం. మొదట ప్లగ్గు విప్పి, దాని లోహపు ఒంటిని ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టించాడు. కొసన నీలిమెరుపు ఫట్టుమంది. కరెంటు మిగతా సగం నిర్దోషిత్వం కూడా పొందింది. ప్లగ్గు మూతి చూశాడు: ఇటుకరంగు, పొడి. మసి లేదు, తడి లేదు. అంటే సిలిండర్‌లోకి పెట్రోలు రావట్లేదు. కార్బురేటర్ అడుగున డ్రెయిన్ స్క్రూ వదులు చేసి సీసా పట్టాడు. నాలుగు చుక్కలు రాలి, ఆగిపోయాయి. కాక్ తెరిచే ఉంది, ట్యాంకు నిండుగా ఉంది. పైపు ఊడదీశాడు. అక్కడా ధార లేదు, ఏకాదశి ఉపవాసం.

నిండు చెరువు కింద ఎండిన కాలువ! ఈ వైపరీత్యానికి కారణం ఏ రాక్షసుడు?

మేస్త్రి తాళంచెవి అడిగాడు. సీసాను పైపు కింద అలాగే పట్టి, ట్యాంకు మూతలో చెవి తిప్పి, అరంగుళం ఎత్తాడు.

బుస్స్‌స్!

ఆ బుసకు శేషుడు తలొంచుకోవాలి. మరుక్షణం పైపులోంచి పెట్రోలు గంగావతరణమై సీసాలోకి దూకింది. మూత తిరగేసి చూస్తే లోపలి రబ్బరు వాచరుకు చుట్టూ రబ్బరుబ్యాండుతో బిగించి, చక్కగా మడిచిన ఒక పాల ప్యాకెట్ కవరు. ఇతడే ప్రతినాయకుడు. అర లీటరు టోన్డ్ మిల్కు.

“ఇదెవరు పెట్టారు సార్?”

“వానలకి తాళంకన్నం లోంచి నీళ్లు దిగుతున్నాయని… నేనే.”

కార్బురేటర్ బండి మూతలో సూదిమొన పట్టేంత కన్నం ఒకటుంటుంది. పెట్రోలు తన బరువుకు తానే కిందికి దిగాలి. దిగిన మేర ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల ఒత్తిడి తగ్గి పెట్రోలును పైనే పట్టేస్తుంది. బయట వాయుదేవుడు చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో బరువుతో మూత మీద నిలబడి ఉన్నా, లోపలికి పాసు లేదు. నిండు ట్యాంకులో గాలి జాగా తక్కువ కనుక కాస్త పెట్రోలు దిగినా ఒత్తిడి చప్పున పడిపోతుంది. అడుగంటిన ట్యాంకు అయితే మరికొంత దూరం లాగుతుంది. బండిని పక్కన పెట్టినప్పుడు జరిగింది చల్లారడం కాదు, కవరు మడతల సందుల్లోంచి గాలి మెల్లగా జొరబడడం. యజమాని దాన్ని వేడి అనుకున్నాడు, నలుగురు సేనానులూ ఆయన అనుకున్నదే అనుకున్నారు. మేస్త్రి ఇదంతా ఒక్క మాటలో తేల్చాడు: “నూనె డబ్బాకి రెండో కన్నం కొట్టకపోతే నూనె పడదు గదా సార్.”

బిల్లు దగ్గర మాత్రం కావ్యం కాస్త డీలా పడింది. కొత్త సామాన్లేమీ వెయ్యలేదు కనుక ఎంత తీసుకోవాలో మేస్త్రికి తోచలేదు, ఎంత ఇవ్వాలో రిప్రజెంటేటివ్‌కు తోచలేదు. కాయిలుకు వేలు పోసినాయన రెండు వందలకు సంకోచించాడు. మన దగ్గర సామానుకు రేటుంది, చూపుకు లేదు. ఇది అన్యాయమని నా తీర్పు. షోరూములో స్కానర్ తగిలించినందుకే బిల్లు వేస్తారు, ఆ స్కానర్‌కు ఈ పాలకవరు కనబడదు.

ఇక ఫలశ్రుతి. ఈ ఉపాఖ్యానం చదివినవారు, విన్నవారు, తమ పాత బండి ట్యాంకు మూత కన్నాన్ని ఒకసారి సన్న తీగతో శుభ్రం చేసుకోండి. వాన నీరు దిగుతుంటే మూత రబ్బరు వాచరు మార్పించండి, కవర్లు కట్టకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండి అయితే ట్యాంకు జోలికి మీరు వెళ్లకండి, దాని గాలి దారులు వేరు. బండి ఆగిన చోటికి మేస్త్రిని తీసుకెళ్లండి, ఆయన అడిగినదానికి నిజం చెప్పండి, తిరిగొచ్చాక ఆ రెండు వందలూ ఇవ్వండి.