తెల్లాపూర్ కుక్కర్ ఆత్మకథ: కుస్కో మజిలీ

మూడు లీటర్ల అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ ఒకటి తెల్లాపూర్ నుంచి దక్షిణ అమెరికాలోని కుస్కో నగరానికి వెళ్ళి, అక్కడ కొన్నాళ్ళు మజిలీ చేసిన వృత్తాంతం ఇది. కుక్కర్లకు విజిల్ వేయడమే తప్ప ‘నేను’ అనడం రాదు. అందుకే ఈ ఆత్మకథ ప్రథమ పురుషలో సాగుతుంది.

కుక్కర్‌కు ప్రాణం మూత మీది వెయిట్. లోపలి ఆవిరి పీడనం బయటి గాలి పీడనాన్ని చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో మేర మించినప్పుడు వెయిట్ లేస్తుంది, ఆవిరి బయటికి తన్నుకొస్తుంది. విజిల్ అంటే అదే. గిన్నెకూ మూతకూ నడుమ రబ్బరు గ్యాస్కెట్, ఆవిరి దారి పూడుకుపోతే ఆదుకునే సేఫ్టీ వాల్వ్ మిగతా అవయవాలు. ఈ వంశానికి మూలపురుషుడు 1679లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనీ పపాఁ తయారుచేసిన ఆవిరి పాత్ర. అది ఎముకలను మెత్తబరచేది. కందిపప్పు దాకా రావడానికి దాని సంతానానికి రెండున్నర శతాబ్దాలకు పైగానే పట్టింది.

హైదరాబాదు శివార్లలోని తెల్లాపూర్ 2018లో మున్సిపాలిటీ అయింది. పొలాలు పోయి లేచిన అక్కడి అపార్ట్‌మెంట్లలో ఐటీ ఉద్యోగులైన ఒక జంట వంటింట్లో ఈ కుక్కర్ కాపురం. హైదరాబాదు ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక నీళ్ళు 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగిస్తే వేడి 120 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. పప్పుకు మూడు విజిల్స్ సరిపోతాయి.

విదేశం వెళ్ళే తెలుగువాళ్ళ పెట్టెలో కుక్కర్ ఉండటం ఆన్‌సైట్ రోజుల నుంచీ ఉన్న ఆనవాయితీ. కుస్కో మీదుగా మాచు పిచ్చు శిథిలాలు చూడబోయే జంట కూడా దాని కడుపులో సాక్సులు కుక్కి చెక్-ఇన్ సామానులో వేసింది. 2013లో బోస్టన్ మారథాన్ దగ్గర కుక్కర్ బాంబులు పేలినప్పటి నుంచి స్కానర్ల ముందు ఈ జాతికి పరువు తగ్గింది. కడుపులో సాక్సులు తప్ప మరేమీ లేవని తెలిసేదాకా పెట్టె కదలదు.

సముద్రపు ఒడ్డున ఉన్న లిమా నుంచి కుస్కోకు విమానంలో గంటన్నర లోపే. కానీ కుస్కో ఉన్నది సుమారు 3,400 మీటర్ల ఎత్తున. ఎగిరే విమానం లోపలి గాలిని మామూలుగా 2,400 మీటర్ల ఎత్తులో ఉండేదాని కంటే పలచబడనివ్వరు. అంటే కుస్కోలో విమానం తలుపు తీశాక తగిలే గాలి, ఆకాశంలో పీల్చినదానికంటే పలచన. పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులు. తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం ‘సొరోచే’ అనే ఎత్తు జబ్బు లక్షణాలు. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు మెల్లగా నడవమని, కడుపు నిండా తినవద్దని, కోకా ఆకుల టీ తాగమని చెబుతారు. ఈ ఊళ్ళో తీరిక విలాసం కాదు, పలచని గాలి పెట్టే షరతు. స్ప్రింట్లకూ డెడ్‌లైన్లకూ అలవాటుపడినవాళ్ళు మాటల కంటే మెట్ల వల్లే త్వరగా దారికొస్తారు.

శాన్ బ్లాస్ పేటలో జంట అద్దెకు దిగిన పాత ఇంటికి కింది గోడ స్పెయిన్ వాళ్ళకు ముందు ఇక్కడ ఏలిన ఇంకాలది, పైది స్పెయిన్ వాళ్ళు మట్టి ఇటుకలతో లేపినది. కుక్కర్ తన వృత్తి దృష్టితో గమనించింది ఆ కింది గోడ కీళ్ళనే: సున్నం లేదు, గ్యాస్కెట్ లేదు, అయినా రాయికీ రాయికీ మధ్య సందు లేదు. ఆతున్ రుమియోక్ వీధిలో పన్నెండు మూలల రాయిని చూడటానికి జనం ఆగుతారు. 1533లో స్పెయిన్ సేనలు నగరంలోకి వచ్చాక కోరికాంచా సూర్యాలయం గోడల మీదే శాంతో దొమింగో మఠం లేచింది. 1950 భూకంపంలో మఠం బాగా దెబ్బతింది, దాని చాటున ఉన్న ఇంకా గోడలు బయటపడి నిలిచాయి. 1983లో యునెస్కో నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

శాన్ పేద్రో మార్కెట్ నుంచి మసూర్ జాతి పప్పు, ఊదా రంగు బంగాళాదుంపలు, నల్ల గింజల రొకోతో మిరపకాయలు వచ్చాయి. మిరపా బంగాళాదుంపా పుట్టింది ఈ ఖండంలోనే గనుక, తెలుగు వంటింటి కుక్కర్‌కు ఇది ఒకరకంగా పుట్టింటి బంధువులను కలవడమే. ఇక్కడ నీళ్ళు 88 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పప్పు పలుకు పోవడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. 1835లో ఆండీస్ దాటుతున్న చార్లెస్ డార్విన్ బృందం బంగాళాదుంపలను రాత్రంతా పొయ్యి మీద ఉంచినా అవి ఉడకలేదు. తోటివాళ్ళు కొత్త గిన్నెను తిట్టుకున్నారు. తప్పు గిన్నెది కాదు, గాలిదని డార్విన్‌కు తెలుసు. గిన్నెల పక్షాన ఒక శాస్త్రజ్ఞుడు నిలబడిన సందర్భంగా కుక్కర్ దీన్ని గుర్తుంచుకుంది.

కుక్కర్ కూడా ఈ పలచని గాలికి పూర్తిగా అతీతం కాదు. వెయిట్ కొలిచేది లోపలికీ బయటికీ ఉన్న తేడాను మాత్రమే. బయట పీడనం ఎంత తగ్గితే లోపలా అంత తగ్గుతుంది. కుస్కోలో దాని కడుపులోని వేడి 115 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అందువల్ల పప్పుకు మరో రెండు విజిల్స్ కావలసి వచ్చాయి.

మాచు పిచ్చు 2,430 మీటర్ల ఎత్తున, కుస్కో కంటే కిందనే ఉంది. అక్కడికి వెళ్ళే రైల్లో చిన్న సంచికే అనుమతి. జంట రైలెక్కింది. కుక్కర్ మిగతా సామానుతో కుస్కోలోనే, బస చేసిన ఇంటి కొట్టుగదిలో ఆగింది.