పదో తరగతి తెలుగు వాచకం ఆత్మకథ

సింగిడి అనే ఈ వాచకం తెలంగాణ ఏర్పడ్డాక పుట్టింది. పాలమూరు ప్రాంతంలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల సర్కారు బడుల్లోనూ పదో తరగతి పిల్లలకు ఉచితంగా అందుతుంది. వాచకానికి ‘నేను’ అనుకునే అలవాటు లేదు కనుక తన కథను ‘ఈ వాచకం’ అనే చెప్పుకుంటుంది.

ఇందులో పాఠం ఏకబిగిన సాగదు. నడుమ నడుమ ఆలోచించి చెప్పమనే ప్రశ్నల గడులు ఉంటాయి. చదువుతున్న పిల్లలను అక్కడ ఆపి, ఇంతవరకు ఏం అర్థమైంది, ఇక ఏం జరగవచ్చు అని అడగడానికే అవి. చాలాచోట్ల వాటిని దాటేసి నేరుగా పాఠం చివరి ప్రశ్నలకు పోతారు. గైడులో జవాబులు దొరికేది ఆ చివరి ప్రశ్నలకే మరి. ఈ జబ్బు పాలమూరు ఒక్కదానిదే కాదు. అమెరికాలో పరిశోధకురాలు డొలోరెస్ డర్కిన్ నాలుగో తరగతి పఠన పాఠాలను 4,469 నిమిషాలు గమనించి 1978–79లో ఫలితాలు ప్రచురించారు. చదివింది అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పిన సమయం అందులో సుమారు 20 నిమిషాలే.

ఆ గడుల దగ్గర ఆగితే చాలదు, అడిగే ప్రశ్నా కుదరాలి. మొదటి పాఠం పోతన భాగవతంలోని ‘దానశీలము’. శుక్రాచార్యుడు వారించాక బలి ఏం చేస్తాడని అడిగితే తరగతంతా ఒకే గొంతుతో జవాబు చెబుతుంది, వామనుడి కథ తెలియనిదెవరికి? గురువు మాట కాదని ఎందుకు ఇస్తాడు అంటేనే మళ్లీ పద్యంలోకి వెళ్లాల్సి వస్తుంది. ఆ పద్యం దగ్గర సారు తన ఆలోచనను పైకి వినిపించాలి: క్రియ ఎక్కడుంది, కర్త ఎవరు, ఈ విశేషణం ఎవరికి చెందుతుంది అని తడుముకుంటూ అన్వయం కుదర్చాలి. తయారైన ప్రతిపదార్థం బోర్డుమీద రాసేస్తే పిల్లలకు మిగిలేది నోటుబుక్కులో ఎక్కించుకోవడమే.

‘కొత్తబాట’ దగ్గర వ్యవహారం తారుమారవుతుంది. ఆ కథ రాసిన పాకాల యశోదారెడ్డి 1929లో బిజినేపల్లిలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది. కథ పాలమూరు మాటతీరులో నడుస్తుంది. ఆ యాసను ముందు చెవితో వినాలి, అందుకని తొలి పేజీ సారో, బాగా చదివే పిల్లో గట్టిగా చదవడం మేలు. మౌనపఠనం ఆ తర్వాత. కచ్రం వంటి పాతకాలపు మాట వస్తే నిఘంటువు కంటే ముందు ఇంట్లో అవ్వను అడిగి రమ్మనాలి. వేరే జిల్లా నుంచి బదిలీపై వచ్చిన పంతులుకు పిల్లలే అర్థం చెప్పే పాఠం ఇదొక్కటే కావచ్చు. మామూలుగా వెనక బెంచీలో నోరు మెదపని పిల్లలు ఆ పూట ముందుకు వస్తారు.

గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో క్రాసింగు పనుల (పూలకు చేతితో పరాగసంపర్కం చేసే పనుల) కాలంలో పిల్లలు చేలకు పోయి కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. తిరిగొచ్చినవాళ్లకు పాఠం సగం నుంచి మొదలవుతుంది. వాళ్లకు జట్లుగా చదవడం అక్కరకొస్తుంది. పరిశోధకులు పలింక్సర్, బ్రౌన్ 1984లో ప్రచురించిన పద్ధతిలో పనులు నాలుగు: చదివినంత మేర కుదించి చెప్పడం, ప్రశ్న వేయడం, తెలియనిది తేల్చుకోవడం, రాబోయేది ఊహించడం. తరగతిలో దీన్ని వాడేటప్పుడు జట్టులో ఒక్కొక్కరు ఒక్కో పని పట్టుకోవచ్చు. మరుసటి పేరాకు పనులు మారతాయి. అయితే మొదట్లో, చదివిన భాగాన్ని కుదించి చెప్పే పని పనులకు పోయి తిరిగొచ్చినవాళ్లది కాదు, బడి మానకుండా వచ్చినవాళ్లది కావాలి, అప్పుడే తప్పిపోయిన భాగం చెవిన పడుతుంది. అరవై మంది ఉన్న గదిలో గోల తప్పదు.

తెలియని మాట కింద పెన్సిల్‌తో గీత గీయించడం అన్నిటికన్నా తేలిక. పుస్తకం పిల్లలదే కనుక అభ్యంతరం లేదు. ఏడాది గడిచాక కొన్ని పాత ప్రతులను బడిలోనే ఉంచుకునే సారుకు అవి పాఠ్య ప్రణాళికలో పనికొస్తాయి: ఎక్కువ మంది గీసిన మాటను చదవకముందే విప్పి చెప్పవచ్చు, ఎవరూ గీయని మాట దగ్గర ఆగడం మానేయవచ్చు.