‘గుయ్యిమంటోంది’ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: స్పీకరు గుయ్యిమంటోంది, మౌసు కదిపితే కీచుమంటోంది, డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోంది, పవర్ సప్లై పోయినట్టుంది కాబట్టి కొత్తది వేయించాలి.

అవతారిక: గృహస్థుడు కంప్యూటరు మెకానిక్కుకు ఫోనులో విన్నవించే ఈ వాక్యం ఛందోబద్ధం కాకపోయినా నాలుగు పాదాలుగా విడుతుంది. అందులో మొదటి మూడూ ప్రత్యక్ష ప్రమాణసిద్ధాలు కాగా, నాలుగోది కేవలం అనుమానం. అమ్మకందారులైన వ్యాఖ్యాతలు మాత్రం కారణం విచారించకుండా నాలుగో పాదాన్నే పరమ ప్రమాణంగా స్వీకరిస్తూ వస్తున్నారు.

ప్రతిపదార్థం: గుయ్యిమంటోంది = గోడలోంచి వచ్చే 230 వోల్టుల విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది గనుక, అందులో కొంత ఆడియో తీగ పైతొడుగులోకి చొరబడి, ఆ లయలోనే మంద్రస్థాయిలో మోగుతోందని అర్థం. కీచుమంటోంది = ఈ క్రియకు కర్త లోపించింది; ‘స్పీకరు’ అని అధ్యాహారం చేసుకోవాలా, ‘డబ్బా’ అని చేసుకోవాలా అన్నది వివాదం. స్పీకరు స్విచ్చు కట్టేసినా కీచుదనం ఆగకపోతే కర్త డబ్బాయే: లోపలి తీగచుట్టలు మారే కరెంటుకు కంపించి చేసే ఆ కూత చెవికి బాధే తప్ప యంత్రానికి ప్రమాదం కాదు. ఆగిపోతే కర్త స్పీకరు. అప్పుడు మౌసు కదిలినప్పుడల్లా మారే కరెంటు ఆడియో తీగ గుండా దారి వెతుక్కుంటోందని గ్రహించాలి. జివ్వుమంటోంది = ఈ పదంలోనే వాక్య రహస్యమంతా ఉంది.

విశేషం: ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై, అంటే గోడ కరెంటును క్షణానికి వేలసార్లు తెంపి అతికి 12, 5, 3.3 వోల్టులుగా మార్చే పెట్టె, తాను పుట్టించే రొద బయటికి పోకుండా ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ చెరొక చిన్న కెపాసిటరును తన ఇనుప ఒంటికి కలిపి ఉంచుతుంది. ఆ ఒంటి నుంచి రొదను భూమిలోకి దించవలసినది ఎర్తు తీగ. సాకెట్టులో మూడో రంధ్రం ఉండి దాని వెనక తీగే లేనప్పుడు, డబ్బా రెండు కెపాసిటర్ల నడుమ త్రిశంకుడిలా వేలాడి, సగం వోల్టేజికి, అంటే సుమారు 115 వోల్టులకు చేరుతుంది. కరెంటు అత్యల్పం కనుక వేలికి జివ్వుమనడంతో సరిపోతుంది, టెస్టరు మాత్రం వెలుగుతుంది. భూమికి దారి దొరకని ఆ కరెంటే ఆడియో తీగను ఆశ్రయించి స్పీకరులో గుయ్యిమంటుంది.

కొందరు పనివాళ్లు సాకెట్టులోనే న్యూట్రల్ నుంచి ఎర్తుకు చిన్న తీగముక్క కలిపి ‘జివ్వుమనడం పోయింది’ అని చూపిస్తారు. ఇది ప్రక్షిప్తం, ప్రాణాంతకం కూడా: ఎక్కడైనా న్యూట్రల్ తెగితే డబ్బా మొత్తం 230 వోల్టులతో నిలబడుతుంది. ఎర్తు పిన్ను విరిచేయడం, రెండు పిన్నుల అడాప్టరు తగిలించడం పాఠాన్ని చెరపడమే; మిగతా రెండింటికంటే ఆ పిన్ను పొడవుగా ఉండటం, ముందుగా కలిసి చివరగా విడిపోవడానికే. పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గొయ్యి వేసవిలో ఎండిపోయినా ఇదే దుస్థితి కలుగుతుంది. అందులో నీళ్లు పోయడం వ్యాకరణసమ్మతమే.

ఎర్తు సవ్యంగా ఉన్నా గుయ్యిమనడం ఆగకపోతే, కంప్యూటరూ స్పీకరూ వేర్వేరు గోడల నుంచి ఎర్తు తీసుకుంటూ, నడుమ ఆడియో తీగతో వలయం కట్టాయని ఊహించవచ్చు. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చాలాసార్లు వలయం కుంచించుకొని మౌనం వహిస్తుంది, లేదంటే ఆడియో తీగ నడుమ ఐసోలేటరు పెట్టవలసి ఉంటుంది.

తాత్పర్యం: మొదటి మూడు పాదాల సాక్ష్యం కలిపి చదివితే నేరం ఎక్కువగా గోడదే, డబ్బాది కాదు. ముందుగా పనితెలిసిన ఎలక్ట్రీషియను చేత ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 వోల్టులకు దగ్గరగా వస్తోందో లేదో మీటరు పెట్టించి చూడాలి. తరువాత హెడ్‌ఫోను నేరుగా కంప్యూటరుకు తగిలించి వినాలి. అందులోనూ రొద మిగిలితే యూఎస్‌బీ సౌండు కార్డు ఒకటి ప్రయత్నించి, అప్పటికీ పోకపోతేనే నాలుగో పాదాన్ని ఆశ్రయించవచ్చు. పాత పెట్టెను విప్పి చూడాలన్న కుతూహలం మాత్రం కూడదు. లోపలి పెద్ద కెపాసిటరు ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంతసేపు 300 వోల్టులకు పైగా నిలుపుకోగలదు.