'నన్ను చూసి ఏడవకురా': టీకా తాత్పర్య సహితము

అవతారిక: సికింద్రాబాదులో మారేడుపల్లి మొదలు సీతాఫల్‌మండి దాకా, కట్టుబడిలో ఉన్న మేడలు చాలావాటికి రెండవ అంతస్తు దగ్గర ఒక రాక్షస ముఖం వేలాడుతూ ఉంటుంది. గుడ్లు మిటకరించి, నాలుక చాపి, కోరలూ కోరమీసాలూ గల ఈ ముఖాన్ని జనం దిష్టిబొమ్మ అంటారు. చూపరి అసూయ కంటిగుండా వెలువడి వస్తువును చెరుపుతుందన్న నమ్మకమే దిష్టి. ఆ ముఖం కింద ఒక్కొక్కచోట ఎర్ర రంగుతో రాసి ఉండే మూడు పదాలే ఇక్కడి మూలగ్రంథం.

మూలము: నన్ను చూసి ఏడవకురా.

టీక: పదాల అర్థం బాలురకూ తెలిసినదే గనుక ప్రతిపదార్థం విడిచిపెట్టబడింది. వివాదమంతా పలికేది ఎవరన్న చోట ఉన్నది. బొమ్మే పలుకుతున్నదన్న పూర్వపక్షం, అనగా ఖండించడానికి ముందుగా చెప్పే ఎదుటివాదం, నిలవదు. ఆ ముఖాన్ని చూసి తనకు అటువంటిది లేదే అని కుమిలినవాడు లోకంలో లేడు. కాబట్టి పలికేది యజమాని అని సిద్ధాంతం. పాలవాడు, ట్యూషన్‌కు పోయే పిల్లవాడు, పింఛను కోసం బ్యాంకుకు బయలుదేరిన పెద్దాయన, అందరూ తన నాలుగంతస్తులను చూసి కుళ్లిపోతున్నారని ఆయన నిశ్చయం. అందరినీ ఒకే 'రా'తో పిలవడం ఆ నిశ్చయానికి తగిన మర్యాద. 'ఏడవకే' అని లేదు గనుక ఆడవారికి అసూయ లేదని గ్రంథకర్త మతమని కొందరంటారు. ఆడవారు కూడా ఆ దారిన నడుస్తారని ఆయనకు తోచలేదని ఈ టీకాకారుని మతం.

విశేషము: ఈ ముఖపు వంశక్రమం చెప్పక తప్పదు. మెదకు సీమలోని కొల్చారం వాడని ప్రసిద్ధికెక్కిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ వ్రతం పట్టి కాళిదాసును వ్యాఖ్యానించాడు. ఆ వ్రతంలోని రెండవ సగం ఇక్కడ భంగమవుతుంది. శివపురాణం యుద్ధఖండంలో జలంధరుడనే అసురరాజు, పార్వతిని తనకు అప్పగించమని చెప్పడానికి రాహువును కైలాసానికి దూతగా పంపగా, శివుని కనుబొమల నడుమ నుండి సింహముఖం, మండే కళ్లు, వేలాడే నాలుక గల ఒక భూతం పుట్టి రాహువును మింగబోయింది. దూతను తినరాదని శివుడు వారించాడు. మరి ఆకలి సంగతేమిటని అది అడిగితే, నీ కాళ్లూ చేతులే తినమన్నాడు. తిన్నది. కాళ్లు, చేతులు, పొట్ట అన్నీ పోయి తల ఒక్కటే మిగిలాక ఆగింది. పరులను తిన్నవారు పురాణాలలో బకాసురుడు మొదలు ఎందరో ఉన్నారు గాని, చెప్పిన మాటను ఇంత అక్షరాలా పాటించి తనను తానే భోంచేసిన ప్రాణి అరుదు. మెచ్చిన శివుడు దానికి కీర్తిముఖమని పేరు పెట్టి, తన వాకిట నిలిపి, ముందుగా దాన్ని పూజించని వారి పూజ వృథా అన్నాడు. అందుకే గుళ్ల మకరతోరణంలో, అటూ ఇటూ మకరాలు నోళ్లు తెరుచుకుని ఉండగా, నడినెత్తిన ఈ ముఖం ఉంటుంది. చాలా శిల్పాలలో దీనికి కింది దవడ ఉండదు. అదీ తినేసిందనుకుంటే దేనితో నమిలిందన్న శంకకు సమాధానం లేదు. గ్రీసు దేశపు కోర్ఫూ ద్వీపంలో, క్రీ.పూ. 6వ శతాబ్దపు ఆర్టెమిస్ ఆలయ ముఖభాగాన గోర్గాన్ అనే రాక్షసిని చెక్కారు. ఆమెను చూసినవారు రాళ్లవుతారని అక్కడి కథ. సికింద్రాబాదులో చూసేవారు రాకముందే రాళ్లు సిద్ధంగా ఉంటాయి.

అవి కంకర రాళ్లు. వాటి పక్కన ఇసుక, దాని పక్కన ఇనుప చువ్వలు, నెలల తరబడి ఫుట్‌పాత్ మీదనే ఉంటాయి. వాన పడితే ఇసుక కాలువలోకి, కాలువ వీధిలోకి చేరుతాయి. గృహప్రవేశం అయినా విముక్తి లేదు. కారు ఎక్కడానికి గేటు నుండి రోడ్డులోకి సిమెంటు ర్యాంపు దిగుతుంది. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుని, పటాలాలు కవాతు చేసిన ఈ లష్కర్‌లో ఇప్పుడు ఒక్క మనిషి తిన్నగా నడవలేడు. కీర్తిముఖం తన కాళ్లు తాను తిన్నది. దాని పోలిక పెట్టుకున్న ఈ బొమ్మ ఊరివారు కాలు మోపే చోటు తింటున్నది. ఆ మేడ ఎవరికి కావాలి? ఎవరైనా అడిగేది వామనుడు అడిగినంతే, మూడడుగులు, అదీ పైకి ఎదగని మూడడుగులు.

తాత్పర్యము: 'ఏడవకు' అంటే అసూయపడకు అని లక్ష్యార్థం చెప్పడం వ్యర్థం, ఉన్నదున్నట్టు తీసుకునే వాచ్యార్థమే ఇక్కడ గ్రాహ్యం. మోండా మార్కెట్ నుండి కూరల సంచితో వచ్చే మనిషి తలెత్తి ముఖాన్ని చూస్తాడు, అంతలో చువ్వ కాలికి తగులుతుంది, కంకర మీద పడతాడు, ఏడుస్తాడు. కనుక ఇది దిష్టి మంత్రం కాదు, ప్రమాద సూచిక. అయితే సూచికను రెండవ అంతస్తున కట్టడం దోషం గనుక దాన్ని కంకర గుట్ట మీదకు దింపవలెను, రాత్రివేళ పక్కన ఒక దీపం పెట్టవలెను, 'ఏడవకురా' అన్న చోట 'ఏడవకండి' అని పాఠం దిద్దుకోవలెను.